యాభై రూపాయల న్యాయం

నాగరికత అంటే ఏమిటి? ఎత్తయిన మేడలూ, వెడల్పాటి రోడ్లే నాగరికత అయితే మన హైదరాబాదు పడమటి కొస ఈనాడు ఎవరికీ తీసిపోదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచిన నాటి నుంచి గుట్టలు పిండి అయ్యాయి, పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మీద అద్దాల మేడలు లేచాయి. ఆ మేడలకు ఇటుకలు మోసినవారిలో మా పాలమూరు కూలీలున్నారు గనుక వాటిని చూస్తే నాకూ గర్వమే. కానీ ఆ మేడల బాల్కనీల్లో, ఆ మేడల కింది దుకాణాల్లో, ఆ మేడలకు ఆవలి ఫామ్‌హౌస్‌లలో మనిషి చేతికింద బతుకుతున్న నోరులేని ప్రాణుల సంగతి ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం మనం తల దించుకోవలసి వస్తుంది.

జంతువుల మాట ఎత్తగానే మన నగరంలో వీధికుక్కల తగాదా మొదలవుతుంది. అది వేరే విషయం, దానికి వేరే వ్యాసం కావాలి. నేను ఇక్కడ మాట్లాడబోయేది మనిషి డబ్బిచ్చి కొని, కట్టేసి, పంజరంలో పెట్టి, పందెంలో దించి, అవసరం తీరాక అమ్ముకునే జీవాల గురించి. వాటికి మన దేశంలో చట్టాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. నేను చెప్పదలచింది ఒక్కటే: మన చట్టం యజమాని చేతిలో కాగితం ఉందా అని అడుగుతుంది గానీ, ఆ జీవి ఎలా ఉందో వెళ్లి చూడదు. చూసేవాడు లేని చట్టం ఎంత గొప్పగా రాసుకున్నా గోడమీది నీతిసూక్తితో సమానం.

మొదట చట్టం పుట్టుక చూద్దాం. పశువులను హింసించరాదని తెల్లదొరలే 1890లో ఒక చట్టం చేశారు. అది చాలదని స్వాతంత్ర్యం వచ్చాక గట్టిగా నిలదీసినవారు రుక్మిణీదేవి అరండేల్. నాట్యకళాకారిణిగా అందరికీ తెలిసిన ఆమె రాజ్యసభ సభ్యురాలిగా ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇచ్చిన మీదట ఆ బిల్లును వెనక్కు తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో మద్రాసులో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు.

ఈ చట్టం 3వ సెక్షన్ చదివితే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఏ జంతువైనా ఎవరి సంరక్షణలో ఉందో వారు దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలి, అనవసరమైన బాధ కలగనివ్వరాదు అని అందులో ఉంది. 11వ సెక్షన్ ఏవేవి నేరాలో వరుసగా చెబుతుంది. కొట్టడం, మోయలేని బరువు మోయించడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, కదలడానికి వీలులేనంత ఇరుకు పంజరంలో పెట్టడం, అన్నీ నేరాలే. మరి శిక్ష? మొదటిసారి నేరానికి 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు.

1960లో యాభై రూపాయలంటే ఒక కూలివాని ఇంట్లో రోజులు గడిచే డబ్బు. నేడు హైటెక్ సిటీలో ఒక కాఫీ తాగడానికి చాలదు. మూగజీవి ఒళ్లు హూనం చేసినవాడు కాఫీ ఖర్చుకన్నా తక్కువలో బయటపడవచ్చునంటే దాన్ని శిక్ష అనగలమా? పైగా ఇలాంటి నేరాల్లో చాలావాటికి పోలీసు వారంటు లేకుండా అరెస్టు చేయలేడు. నేరం జరిగిన మూడు నెలల్లోగా కేసు నడపకపోతే ఆ తర్వాత అడిగే దారే లేదు. 2014 మే 7న జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆకలి, భయం, నొప్పి, అసౌకర్యం లేకుండా, తన సహజ స్వభావంతో బతకడం జంతువు హక్కు అని చెప్పింది. శిక్షలు చాలడం లేదు, పార్లమెంటు సవరించాలి అని కూడా అంది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రాల సవరణలను ఆమోదించి జల్లికట్టును అనుమతించింది, అది వేరే సంగతి. శిక్షలు పెంచే ముసాయిదాను కేంద్రం 2022 నవంబరులో ప్రజాభిప్రాయానికి పెట్టింది. అప్పటికి 62 ఏళ్లు గడిచినా ఆ యాభై రూపాయలు యాభైగానే ఉన్నాయి! బియ్యం ధర పెరిగింది, భూమి ధర పెరిగింది, మా హాస్టల్ మెస్ బిల్లూ పెరిగింది. పెరగనిది మూగజీవి నొప్పి ధర ఒక్కటే.

చంపితే మాటేమిటని అడగవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. మంచిదే. కానీ చావకుండా, అవిటి కాకుండా, ఏళ్ల తరబడి బాధపడే జీవికి దక్కేది మళ్లీ ఆ యాభై రూపాయల సెక్షనే.

ఇక రెండో చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. దీని పని అడవి జీవాలను వేటగాడి నుంచీ వ్యాపారి నుంచీ కాపాడటం. దీని ప్రకారం మన రామచిలుకను పట్టినా, అమ్మినా, పంజరంలో పెంచినా నేరమే. 2022 సవరణ తర్వాత మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇల్లు కలిసొస్తుందని నక్షత్ర తాబేలును తొట్టిలో పెట్టుకోవడమూ నేరమే. చెట్టు తొర్రలో నుంచి పిల్లల్ని లాక్కొచ్చి అమ్మే వ్యాపారం ఆగాలి గనుక ఇది సరైన చట్టమే. దీన్ని నేను తప్పుపట్టను.

అయితే ఒక తేడా గమనించండి. సంతలో చెట్టుకింద చాప పరిచి చిలక జోస్యం చెప్పే ముసలాయన ఈ చట్టం కింద నేరస్థుడు. పధ్నాలుగో అంతస్తులో లక్షలు పోసి దక్షిణ అమెరికా మకావ్ చిలుకను కొన్నాయన దర్జాగా యజమాని. విదేశీ జాతుల వ్యాపారానికి మన దేశంలో చాలాకాలం సరైన లెక్కే లేదు. 2020 జూన్‌లో కేంద్రం ఒక అవకాశం ఇచ్చింది. మీ దగ్గరున్న విదేశీ జీవాల సంగతి ఆరు నెలల్లోగా మీరై చెబితే, ఎలా వచ్చాయో కాగితాలు అడగం అంది. 2022 సవరణలో అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే విదేశీ జాతులకు వేరే అధ్యాయం చేర్చారు. 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి, ఆన్‌లైన్‌లో నమోదు తప్పనిసరి అయింది. ఎన్ని ఉన్నాయి, పిల్లలు పుట్టాయా, చచ్చిపోయాయా, ఎవరికిచ్చారు, అన్నీ చెప్పాలి. ఇది ముందడుగే.

కానీ కాగితం వచ్చాక ఆ గేటు దాటి, ఆ లిఫ్టు ఎక్కి, ఆ పక్షి రెక్క చాపడానికి చోటుందో లేదో చూసేదెవరు? మకావ్ గుంపుగా ఎగిరే పక్షి. మనిషి దగ్గర యాభై ఏళ్లు కూడా బతకగలదు. దాన్ని కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రెండేళ్లకు కంపెనీ మారతాడు, ఐదేళ్లకు దేశం మారతాడు. మిగతా నలభై ఐదేళ్ల జీవితం ఏ కాగితంలో రాసుంది? పేదవాని పంజరం రోడ్డుమీద ఉంటుంది గనుక చట్టానికి కనిపిస్తుంది. ఉన్నవాని పంజరం గేటు వెనక ఉంటుంది గనుక కనిపించదు. ఈ తేడా చట్టం అక్షరాల్లో లేదు, అమలులో ఉంది.

మా పెదనాన్న కొడుకు కొండాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తాడు. సెలవురోజుల్లో ఆయన గదికి పోతుంటాను. ఒకసారి ఆయన అన్నమాట నాకు బాగా గుర్తుండిపోయింది. "తమ్మీ, ఐతారం నాడు దాన్ని ఎత్తుకొని ఫొటోలు దిగుతరు. సోమారం నుంచి బాల్కనీల కట్టేసి ఆఫీసుకు పోతరు. పొద్దంత ఒర్రుతనే ఉంటది. మనం పోయి అడగొస్తదా?" ఆయన చెబుతున్నది హస్కీ జాతి కుక్క గురించి. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన ఒళ్లు అది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఊరి బాల్కనీలో, రెండు పొరల బొచ్చుతో అది ఒర్రక ఏం చేస్తుంది?

న్యాయంగా చెప్పాలంటే, సైబరాబాద్‌లో కుక్కను కన్నబిడ్డలా చూసుకునేవాళ్లూ ఎందరో ఉన్నారు. కొండాపూర్‌లో 2018లో నగరపాలక సంస్థ కుక్కల కోసం ప్రత్యేకంగా ఒక పార్కే తెరిచింది. ప్రేమ లేదని నేను అనను. ప్రేమ యజమాని మనసు మీద ఆధారపడి ఉంటుంది. ఆ మనసు మారిన రోజున జీవిని ఆదుకోవడానికే చట్టం కావాలి.

అమ్మకం దగ్గరా ఇదే కథ. కుక్కల పెంపకందారులకు 2017లో, పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో కేంద్రం నియమాలు చేసింది. దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టరు కావాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మరాదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈనించరాదు, జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. ఎంత చక్కని నియమాలు! కానీ ఈరోజు కుక్కపిల్ల దుకాణంలో కన్నా సెల్‌ఫోన్‌లోనే ఎక్కువ అమ్ముడుపోతోంది. ఫొటో వస్తుంది, డబ్బు పోతుంది, అట్టపెట్టెలో పిల్ల ఇంటికి చేరుతుంది. ఆ తల్లికి అది ఎన్నో ఈతో కొన్నవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు, లెక్క చూసేవాడు రాడు.

ఇదంతా చదివి, పల్లెటూరి కుర్రాడు పట్నం వాళ్లను తిడుతున్నాడని కొందరు అనుకోవచ్చు. మా పల్లెల్లో ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందని నేను ఎన్నడూ అనను. ముల్లుకర్ర మా ఇళ్ల చూరుల్లోనే ఉండేది. ముసలి ఎద్దు అంగడికి పోయేది మా దొడ్ల నుంచే. 1978 నాటి రవాణా నియమాల ప్రకారం లారీకి ఆరు పశువులకు మించి ఎక్కించరాదు. రాత్రిపూట జాతీయ రహదారి మీద నిలబడి చూస్తే ఆ ఆరు ఎంత పెద్ద అంకెగా మారుతుందో తెలుస్తుంది.

అయినా మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది, దాన్నీ చెప్పాలి. బండి లాగే పశువుల కోసం 1965లో నియమాలు చేశారు. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలే చేయించరాదు. మా నాయిన ఈ నియమం పేరు వినలేదు. కానీ ఎండ నెత్తిమీదికి రాకముందే ఎడ్లను విప్పి, వాటికి నీళ్లు చూపించాకే తాను నీళ్లు తాగేవాడు. ఎందుకంటే ఎద్దు కూలబడితే ఆ ఏడు సేద్యం కూలబడుతుంది. పైగా ఎద్దు నలుగురి కళ్లముందు ఉంటుంది. దెబ్బలు తేలిన ఎద్దును కట్టుకొని బయటికొస్తే ఊరు ఊరుకోదు, "ఏందిరా, నీకు తిండి అది పెడుతలేదా?" అని అడుగుతుంది. ఆ అడిగే నోరు గేటెడ్ కమ్యూనిటీలో లేదు. సెక్యూరిటీ మనిషికి అడిగే హక్కు లేదు, పక్క ఫ్లాటాయనకు అడిగే తీరిక లేదు.

చట్టం చేసేవాళ్లు రైతును అడగకపోతే ఏమవుతుందో 2017లో చూశాం. ఆ ఏడు మే 23న కేంద్రం పశువుల సంతలకు కొత్త నియమాలు తెచ్చింది. వధకు కాదని హామీ పత్రం రాసిస్తే తప్ప సంతలో పశువును అమ్మడానికి వీల్లేదంది. పాలివ్వని గొడ్డును, దున్నలేని ఎద్దును ఏం చేయాలో, దాని మేతకు డబ్బు ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. దేశమంతా గోల లేచింది. 2017 జూలై 11న సుప్రీంకోర్టు ఆ నియమాల అమలును దేశమంతటా నిలిపివేసింది. పశువు పేరు చెప్పి పశువుల కాపరి మెడకు తాడు వేస్తే పశువుకు ఒరిగేదేమీ లేదు. అమ్ముడుపోని ఎద్దు ఆకలితో రోడ్డు మీద పడుతుంది, అంతే.

ఇంకో ఉదాహరణ సైబరాబాద్ పోలీసుల పరిధిలోనిదే. 2025 ఫిబ్రవరిలో మొయినాబాద్ దగ్గర తోల్‌కట్టలో ఒక ఫామ్‌హౌస్ మీద దాడి చేసి కోడిపందేలు ఆడుతున్న అరవై మందికి పైగా పట్టుకున్నారు. కార్లు, నగదు, కత్తులు, వాటితో పాటు ఎనభైకి పైగా కోళ్లు దొరికాయి. ప్రాణులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 చట్టం ప్రకారం నేరం. పోలీసుల దాడిని మెచ్చుకోవలసిందే. ఆ తర్వాత ఆ కోళ్లేమయ్యాయి? వేలం వేశారు! కాలికి కత్తి కట్టించుకున్న ప్రాణి ఆ కేసులో బాధితురాలు. చట్టం కంటికి మాత్రం అది కారులాగా, సెల్‌ఫోన్‌లాగా ఒక వస్తువు. కేసుల్లో పట్టుబడిన జంతువుల సంరక్షణకు 2017లో విడిగా నియమాలు చేసుకున్న దేశం మనది. పందెంకోడిని వేలంలో లక్షణంగా పాడుకున్నవాడు దాన్ని కూరకు కొన్నాడా, బరికి కొన్నాడా అని మళ్లీ అడిగేదెవరు? సంక్రాంతికి ఇక్కడి నుంచి గోదావరి జిల్లాలకు కార్లు కట్టుకొని బరుల దగ్గరికి పోయే చదువుకున్నవాళ్లు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే.

మరి ఈ దేశంలో చట్టం ఎక్కడా పనిచేయదా? పనిచేసిన చోట్లు ఉన్నాయి. 1998లో కేంద్రం పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, ఈ ఐదింటినీ ఆటలకు తర్ఫీదు చేసి ప్రదర్శించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కస్ గుడారాల్లో సింహాల ఆట ముగిసింది. మన జంతుశాస్త్ర ప్రయోగశాలనే చూడండి. మా సీనియర్ల రికార్డు పుస్తకాల్లో కప్ప కోతలున్నాయి. కోతలను దశలవారీగా తగ్గించాలని యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చింది, 2014లో పూర్తిగా ఆపమంది. కప్పను కోయకుండానే మేము దాని గుండె గదులను నమూనాల మీద, కంప్యూటర్ మీద నేర్చుకుంటున్నాం. 1963లో తెరిచిన మన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2021లో ఎనిమిది సింహాలు దగ్గుతుంటే నమూనాలు సీసీఎంబీకి పంపారు. అక్కడి శాస్త్రవేత్తలు కరోనా వైరస్ అని తేల్చారు, సింహాలు కోలుకున్నాయి.

ఈ మూడు చోట్లా చట్టం ఎందుకు పనిచేసింది? సర్కస్‌ను జనం చూస్తారు. ప్రయోగశాలను విశ్వవిద్యాలయం చూస్తుంది. జూను కేంద్ర జూ ప్రాధికార సంస్థ చూస్తుంది, రోజుకు వేలాది సందర్శకులు చూస్తారు. చూసే కన్ను ఉన్నచోట చట్టానికి ప్రాణం వస్తుంది. బాల్కనీకీ, ఫామ్‌హౌస్‌కీ, సెల్‌ఫోన్ అంగడికీ ఆ కన్ను లేదు.

"మనుషులకే దిక్కు లేదు, జంతువుల గోల ఎందుకయ్యా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ మాటలో బాధ ఉంది, కాదనను. అప్పులపాలైన రైతు కొడుకుగా ఆ బాధ నాకు తెలియనిది కాదు. కానీ తనకు ఎదురు చెప్పలేని ప్రాణిని యాభై రూపాయలకు హింసించవచ్చని నేర్చుకున్నవాడు, ఎదురు చెప్పలేని పనిమనిషి దగ్గర, కూలివాని దగ్గర ఆగుతాడని నమ్మకమేమిటి? బలహీనుని పక్షాన నిలబడటం ఒక అలవాటు. అది ఒకచోట చచ్చిపోతే ఇంకోచోట బతకదు.

అందుచేత నా సూచనలు ఇవి. ఒకటి, 1960 నాటి జరిమానా అంకెలు పోవాలి. నేరానికీ, నేరస్థుని తాహతుకూ తగిన శిక్ష రావాలి. రెండు, నమోదు చేసిన ప్రతి దుకాణం, ప్రతి పెంపకందారు, ప్రతి విదేశీ జీవి దగ్గరికి ఏడాదికొకసారి పశువైద్యుడు వెళ్లి చూసి రాయాలి, ఆ రాతను జనం చదవగలగాలి. మూడు, పట్టుబడిన జీవిని వస్తువులా వేలం వేయడం ఆపాలి. నాలుగు, రైతు మీద నియమం పెట్టేముందు రైతును అడగాలి. ముసలి పశువుకు మేత ఎక్కడిదో చెప్పాకే అమ్మొద్దని చెప్పాలి.

చివరగా విద్యార్థి మిత్రులకు ఒక మాట. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు, అక్కడి జింకల కోసం, నెమళ్ల కోసం గొంతెత్తినవారిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ చెట్ల నరికివేతను ఆపింది. విద్యార్థి గొంతుకు బలం లేదనేవారికి అదే జవాబు. రేపు మనలో చాలామందిమి ఆ అద్దాల మేడల్లోనే ఉద్యోగాలకు చేరతాం, ఆ ఫ్లాట్లలోనే కాపురాలు పెడతాం. అప్పుడు పక్క బాల్కనీలో ఒర్రుతున్న ప్రాణి మన చెవికి వినిపించాలి. కొనబోయే ముందు రిజిస్ట్రేషన్ చూపించమని దుకాణదారును అడగాలి. ఫ్లాటు యజమానుల సంఘంలో ఈ మాట లేవనెత్తాలి. చట్టానికి ప్రభుత్వం కళ్లు ఇచ్చేదాకా ఆ కళ్లు మనవే కావాలి.